ఉచిత ప్రసారం, భాష, సరిహద్దు: ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంత నేపథ్యంలో టెలివిజన్ చరిత్ర

వ్యాససంగ్రహం:

2017 తర్వాత ఐదేళ్ల వ్యవధిలో దూరదర్శన్ భూతల రిలే కేంద్రాలు దేశమంతటా దాదాపుగా మూతపడ్డాయి. నెలసరి చందా లేకుండా టెలివిజన్ చూడదలచిన కుటుంబానికి మిగిలిన ప్రధాన మార్గం డీడీ ఫ్రీ డిష్. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలను ఆధారంగా చేసుకొని, 1975 నుంచి నేటి వరకు “ఉచిత ప్రసారం” అన్న భావన పొందిన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంకేతం అందడం, అది తెలిసిన భాషలో ఉండడం, అందులో తమ ప్రాంతపు విషయం ఉండడం అనే మూడూ కలిసినప్పుడే ప్రసారం ప్రజలదవుతుందనీ, ఉచిత టెలివిజన్ భవిష్యత్తును సాంకేతిక సమస్యగా మాత్రమే చూస్తే తక్కిన రెండూ మరుగున పడతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉచిత ప్రసారం, దూరదర్శన్, సైట్ ప్రయోగం, ప్రసార భారతి, డీడీ ఫ్రీ డిష్, ఆదోని, ఎమ్మిగనూరు, సరిహద్దు భాషలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో మాధ్యమ చరిత్రరచన ప్రధానంగా పత్రికల చుట్టూ, ఆ తర్వాత ఆకాశవాణి చుట్టూ సాగింది. టెలివిజన్ గురించిన పరిశోధనల్లో ఎక్కువభాగం ధారావాహికలు, వార్తాఛానెళ్ల భాష, స్త్రీపాత్రల చిత్రణ వంటి అంశాలకు పరిమితమయ్యాయి. ప్రసారం ఎవరికి, ఏ దారిన, ఎంత ఖర్చుతో చేరింది అన్న ప్రశ్నను ఇంజనీర్లకో ఆర్థికవేత్తలకో వదిలివేశాం. కాని ఒక భాష ఎంతమందికి వినిపిస్తుందన్నది ఆ భాషను అధ్యయనం చేసేవారికీ సంబంధించిన ప్రశ్నే.

“ఉచితం” అన్న మాట కూడా చూసినంత సులభమైనది కాదు. ఒకప్పుడు రేడియోకూ టెలివిజన్‌కూ లైసెన్సు ఉండేది. తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించాలి. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు రద్దయిన తర్వాతే టెలివిజన్ చూడడానికి ప్రభుత్వానికి చెల్లించవలసినది లేకుండా పోయింది. అప్పటికీ సెట్టు కొనాలి, యాంటెన్నా కట్టాలి, కరెంటు ఉండాలి. అందుచేత ఉచిత ప్రసారమంటే ఖర్చే లేని ప్రసారమని అర్థం కాదు. సంకేతాన్ని అందుకోవడానికి నెలనెలా ఎవరి అనుమతీ, ఎవరికీ చెల్లింపూ అవసరంలేని ప్రసారమని ఈ వ్యాసంలో గ్రహించాలి.

2. ప్రాంతం: మూడు భాషల కూడలి

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పూర్వపు బళ్లారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్లారి, హోస్పేట మొదలైనవి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఎమ్మిగనూరు నాటికి ఆదోని తాలూకాలోని భాగమే. అంటే నేడు “పడమటి కర్నూలు” అంటున్న ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం బళ్లారి వైపు చూసిన ప్రాంతం. సరిహద్దు గీసినంతమాత్రాన పెళ్లి సంబంధాలు, సంతలు, జాతరలు, మాటలు రెండుగా విడిపోవు. ఈ పల్లెల్లో తెలుగు, కన్నడం ఒకే ఇంట వినిపించడం సాధారణం. బీజాపురు సుల్తానుల ఏలుబడి చూసిన ఆదోని పట్టణంలో దక్కనీ ఉర్దూ మూడవ గొంతు.

జీవనాధారాలు కూడా ఇక్కడి ప్రసార చరిత్రను అర్థం చేసుకోవడానికి అవసరం. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలో పేరెన్నికగన్నది. ఎమ్మిగనూరు చేనేతకు కేంద్రం. మాచాని సోమప్ప కృషితో 1938లో ఏర్పడిన నేతపనివారల సహకార సంఘం ఆ పట్టణ చరిత్రను మలిచింది. తుంగభద్ర దిగువ కాలువ నీరందే భూములు కొన్నయితే, వానను నమ్ముకున్న నల్లరేగడి పొలాలు ఎక్కువ. పంట తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకూ పత్తి తీతకూ “సుగ్గి”కి పోతాయి. మరికొందరు బెంగుళూరులో కట్టడం పనులకు పోతారు. ఇల్లు స్థిరంగా లేనివారికి నెలసరి చందా భారమే కాదు, సగం నెలలు వృథా కూడా.

మగ్గం ముందు కూర్చున్నవారికి చూపు నూలుమీద, చేయి నాడెమీద ఉంటుంది. అక్కడ టెలివిజన్ చూసే సాధనమే కాక, వినే సాధనం కూడా. బొమ్మ భాష తెలియని లోటును కొంత పూరిస్తుందన్న వాదన ఇట్టి శ్రోతల విషయంలో నిలవదు. ఇక్కడ ప్రసారభాష అన్నది అలంకారం కాదు, ప్రయోజనమే.

3. ఒకే బొమ్మ, రెండు గొంతులు: 1975–76

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. పదిహేనేళ్లు గడిచినా అది కొన్ని నగరాలను దాటలేదు. ఆ స్థితిలో, నగరాలనుంచి పల్లెలకు క్రమంగా పాకే దారిని విడిచి, ఉపగ్రహం ద్వారా నేరుగా వెనుకబడిన గ్రామాలకు చేరాలన్నది విక్రమ్ సారాభాయ్ ఆలోచన. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో కుదిరిన ఒప్పందం ఫలితంగా, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏ.టి.ఎస్–6 ఉపగ్రహం ద్వారా ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం సాగింది. “సైట్” పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగానికి ఆరు రాష్ట్రాల్లోని ఇరవై జిల్లాలలో సుమారు 2400 గ్రామాలను ఎంపిక చేశారు. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలతోపాటు కర్నూలు అందులో ఉంది. తుంగభద్రకు ఆవల, కర్ణాటక వైపున, రాయచూరు జిల్లా కూడా అందులోనే ఉంది.

సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది. తీగవలతో అల్లిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, బడిలోనో పంచాయతీ కార్యాలయంలోనో ఒక సెట్టు, దాని ముందు ఊరు: ఇది సైట్ దృశ్యం. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు కార్యక్రమాలుండేవి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, విద్య ప్రధానాంశాలు. కార్యక్రమాలు తయారైన మూడు కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. తక్కినవి ఢిల్లీ, కటక్.

మన చర్చకు ముఖ్యమైన అంశం ఒకటుంది. ఆ ఉపగ్రహం ఒక దృశ్యంతోపాటు రెండు ధ్వనిమార్గాలను మోయగలిగేది. దక్షిణాదికి ఉద్దేశించిన ప్రసారాల్లో ఈ సౌలభ్యం తెలుగుకూ కన్నడానికీ ఉపయోగపడింది. రాష్ట్రాల పునర్విభజన రెండుగా చేసిన ప్రాంతాన్ని ఒక ప్రయోగం, తెలిసో తెలియకో, ఒకే బొమ్మకింద రెండు గొంతులతో మళ్లీ పలకరించింది. కార్యక్రమాల తయారీలో పల్లె పాత్ర స్వల్పమన్న విమర్శ సైట్‌పై ఉంది. పైనుంచి కిందికి బోధించే ధోరణి అందులో స్పష్టం. అయినా సంకేతం, భాష, ప్రాంతావసరం అనే మూడింటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకొన్న తొలి ప్రణాళిక అదే.

ఏడాది గడువు ముగియగానే ఉపగ్రహం భారతదేశానికి అందకుండా వెళ్లిపోయింది. సైట్ గ్రామాల్లో కొంత భాగానికే భూతల ప్రసారాలతో కొనసాగింపు దొరికింది. 1977లో గుల్బర్గాలో ట్రాన్స్‌మిటర్ వచ్చింది. అదే సంవత్సరం హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. కాని హైదరాబాదు స్తంభం నుంచి వెలువడే సంకేతం వంద కిలోమీటర్ల ప్రాంతానికి మించి చేరడం కష్టం. ఆదోని అంతకు రెట్టింపు దూరంలో ఉంది. కర్నూలు జిల్లా పల్లెలకు టెలివిజన్ దేశంలోని ఎన్నో పట్టణాలకంటె ముందుగా వచ్చి, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయింది.

4. స్తంభాల కాలం

1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడివడింది. 1982లో రంగుల ప్రసారం, జాతీయ కార్యక్రమం మొదలయ్యాయి. 1983 ఆగస్టులో ప్రయోగించిన ఇన్‌శాట్–1బి ఉపగ్రహం తర్వాత చిన్న పట్టణాల్లో అల్పశక్తి రిలే కేంద్రాలు వెలిశాయి. 1984లో ఒక దశలో రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున నెలకొల్పారు. వంద వాట్ల శక్తితో పదీ పదిహేను కిలోమీటర్ల వరకు చేరే ఈ కేంద్రానికి ఒక గది, ఒక స్తంభం, ఉపగ్రహం వైపు తిరిగిన ఒక డిష్ చాలు. అక్కడ స్టూడియో లేదు, కెమెరా లేదు, మాట్లాడేవారు లేరు. ఢిల్లీనుంచి వచ్చినదానిని అందుకొని చుట్టుపక్కలకు విసరడమే దాని పని.

కాబట్టి చిన్న పట్టణాలకు భూతల ప్రసారం మొదట తెచ్చినది ప్రధానంగా హిందీ, ఆంగ్ల కార్యక్రమాలను. ప్రాంతీయ కేంద్రం కార్యక్రమాలు ఉపగ్రహం ద్వారా రాష్ట్రమంతటికీ అందడం తర్వాతి దశ. 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు ‘రామాయణ్’, ఆ వెంటనే ‘మహాభారత్’ ప్రసారమైనప్పుడు తెలుగు పల్లెలు హిందీ సంభాషణల ముందు ఆదివారం ఉదయాలు గడిపాయి. కథ తెలిసినదే కాబట్టి భాష అడ్డు కాలేదు. ఆదోనివంటి చోట దక్కనీ అలవాటున్న చెవికి హిందీ పూర్తిగా పరాయిది కాదు కూడా. అయితే తెలిసిన కథను తెలియని భాషలో చూడడం వేరు. తెలియని విషయాన్ని, అంటే పురుగుమందు మోతాదునో పింఛను నిబంధననో, తెలియని భాషలో వినడం వేరు. ఈ తేడాను నాటి విస్తరణ పట్టించుకోలేదు.

1982లో ప్రభుత్వం నియమించిన పి.సి. జోషి కార్యవర్గం దూరదర్శన్ కార్యక్రమాలను సమీక్షించి, యంత్రసామగ్రి పెరిగినంత వేగంగా కార్యక్రమాల ఆలోచన పెరగలేదని, వికేంద్రీకరణ అవసరమని సూచించింది. ఆ సూచన రిలే కేంద్రాల దాకా రాలేదు. అయినా 1990ల నాటికి తెలుగు ప్రసార సమయం పెరిగింది. శుక్రవారం ‘చిత్రలహరి’, ‘ఋతురాగాలు’ వంటి ధారావాహిక, వ్యవసాయ కార్యక్రమాలు, సాయంకాలపు తెలుగు వార్తలు ఇంటిపై అల్యూమినియం కడ్డీల యాంటెన్నా ఉన్న ప్రతివారికీ దక్కాయి. గాలికి యాంటెన్నా తిరిగిపోతే ఒకరు మిద్దెమీద, ఒకరు ఇంట్లో నిలబడి కేకలతో సరిచేసుకోవడం ఆ తరానికి ఉమ్మడి అనుభవం.

సరిహద్దు ప్రాంతానికి ఈ దశలో ఒక లోటు మిగిలింది. ప్రాంతీయ ప్రసారం రాష్ట్రసరిహద్దును భాషాసరిహద్దుగా భావించింది. ఆంధ్రలో ఉన్న రిలే కేంద్రం తెలుగునే ఇస్తుంది. కర్ణాటకలో ఉన్నది కన్నడాన్నే. కన్నడం ఇంటిభాషగా గల ఆదోని పల్లెకు పక్క రాష్ట్రపు సంకేతం గాలివాటుగా దొరికితే దొరికినట్టు. 1975 నాటి రెండు ధ్వనిమార్గాల ఆలోచన మళ్లీ ఎవరికీ రాలేదు.

5. చందా యుగం

1995 ఫిబ్రవరి 9న సర్వోన్నత న్యాయస్థానం గాలితరంగాలు ప్రజల ఉమ్మడి ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం జెమిని, ఈటీవీ వంటి తెలుగు ఉపగ్రహ ఛానెళ్లు ప్రారంభమయ్యాయి. కేబుల్ టెలివిజన్ నియంత్రణ చట్టమూ అప్పటిదే. ఆ చట్టం కేబుల్ ఆపరేటర్లు దూరదర్శన్ ఛానెళ్లను తప్పనిసరిగా ఇవ్వాలని నిర్దేశించింది. ప్రజాప్రసారానికి రక్షణగా ఉద్దేశించిన ఈ నియమం మరో ఫలితాన్నీ ఇచ్చింది. దూరదర్శన్‌ను కేబుల్ ద్వారానే చూడడం అలవాటై, మిద్దెమీది యాంటెన్నా అనవసరమైపోయింది. ఉచితమైనది చందాలో ఒక భాగమై కనిపించకుండా పోయింది.

2019లో అమలైన ట్రాయ్ నిబంధనలు దీనిని లెక్కల్లో స్పష్టం చేశాయి. అప్పట్లో తొలి వంద ఛానెళ్ల వాహక రుసుము నెలకు 130 రూపాయలు, దానిపై పన్నుగా ఉండేది. దూరదర్శన్ ఛానెళ్లు నాడు ఆ వందలో భాగంగా ఉండేవి. ఉచిత ఛానెలుకు ధర లేదు, దానిని మోసుకొచ్చే తీగకు ధర ఉంది. 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే టెలివిజన్, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇస్తామన్నప్పుడు అది ప్రభుత్వమే చవకగా ఇచ్చే చందాసేవ. మంచి ప్రయత్నమే అయినా, దానిని ఉచిత ప్రసారంగా పరిగణించలేం. సుగ్గికి పోయి మూడు నెలలకు తిరిగివచ్చే కుటుంబానికి ఈ తేడా అనుభవంలో తెలుస్తుంది.

6. స్తంభాల నిష్క్రమణ

దూరదర్శన్ భూతల వ్యవస్థ ఉచ్ఛదశలో 1400కు పైగా ట్రాన్స్‌మిటర్లతో ప్రపంచంలోని పెద్ద వ్యవస్థల్లో ఒకటిగా నిలిచింది. 2017–18 నుంచి ప్రసార భారతి అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా తొలగించసాగింది. 2021 నాటికి దాదాపు డెబ్బై శాతం తొలగిపోయాయి. మిగిలినవాటిలో 412 కేంద్రాలను ఆ ఏడాది అక్టోబరు, డిసెంబరు, మరుసటి సంవత్సరం మార్చి గడువులతో మూడు విడతల్లో మూసివేయాలని నిర్ణయించారు. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు యాభై మాత్రం మినహాయింపు. అనలాగ్ పరికరాలు పాతబడ్డాయి, విద్యుత్ ఖర్చు ఎక్కువ, విలువైన తరంగాలు ఖాళీ అవుతాయి అన్నవి ప్రసార భారతి చూపిన కారణాలు. అవి సహేతుకమైనవే. యాంటెన్నాతో చూసేవారు అప్పటికే బాగా తగ్గిపోయారన్నదీ నిజమే.

అయితే అనలాగ్ స్థానంలో భూతల డిజిటల్ వ్యవస్థ రాలేదు. 2016లో డిజిటల్ భూతల ప్రసారానికి ఎంపికచేసిన పదహారు నగరాల్లో బెంగుళూరు, చెన్నై ఉన్నాయి. హైదరాబాదుగాని విజయవాడగాని లేవు. చిన్న పట్టణాల ప్రసక్తే లేదు. స్తంభాల నిష్క్రమణను కేవలం నష్టంగా చెప్పడం చారిత్రకంగా సరికాదు. అవి స్థానిక గొంతును ఏనాడూ ఇవ్వలేదు. పోయినది ఒక అవకాశం. పదిహేను కిలోమీటర్ల పరిధిలో ఒక పట్టణానికి, దాని చుట్టూ ఉన్న పల్లెలకు మాత్రమే మాట్లాడగల సాధనం ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండవచ్చునన్న అవకాశాన్ని మూడు దశాబ్దాలపాటు వాడుకోకుండానే మూసివేశాం.

7. ఫ్రీ డిష్: అందిన సంకేతం, అందని మాట

2004 డిసెంబరులో “డీడీ డైరెక్ట్ ప్లస్” పేరుతో మొదలైన ఉచిత ఉపగ్రహసేవే నేటి డీడీ ఫ్రీ డిష్. ఒకసారి డిష్, సెట్‌టాప్ బాక్సు కొంటే నెలసరి చెల్లింపు లేదు. నేడు దేశంలో నాలుగు కోట్లకు పైగా ఇళ్లు దీనిని వాడుతున్నాయని పరిశ్రమ నివేదికలు అంచనా వేస్తున్నాయి. ఒక స్తంభానికి దూరమా దగ్గరా, కొండ అడ్డమా అన్న ప్రశ్న దీనికి లేదు. డిష్‌ను ఊడదీసి వలసవెళ్లే ఊరికి తీసుకుపోనూవచ్చు.

సరిహద్దు ప్రాంతానికి దీనివల్ల కలిగిన మేలు గణనీయం. 2014లో రాష్ట్రవిభజన తర్వాత విజయవాడ కేంద్రంగా డీడీ సప్తగిరి, హైదరాబాదు కేంద్రంగా డీడీ యాదగిరి ఏర్పడ్డాయి. ఆ రెంటితోపాటు కన్నడ డీడీ చందన, డీడీ ఉర్దూ కూడా ఒకే డిష్‌పై లభిస్తాయి. 1953 తర్వాత గీతకు ఇవతల నిలిచిన మూడు భాషల ప్రాంతానికి ఆ మూడు భాషలూ చందా లేకుండా ఒకేచోట దొరకడం ఇదే మొదటిసారి. భూతలవ్యవస్థ ముప్పయ్యేళ్లలో చేయలేనిది ఉపగ్రహం చేసింది.

అయితే ఫ్రీ డిష్ నిర్మాణమే ఒక పరిమితిని తెచ్చింది. అందులోని ప్రైవేటు ఛానెళ్లు వేలంలో స్థానాలను కొనుక్కుంటాయి. ప్రేక్షకసంఖ్య ఎక్కువగా ఉన్న హిందీ మార్కెట్టుకే అక్కడ పోటీ. ఉత్తరాదిలో ప్రేక్షకులు పెరిగేకొద్దీ హిందీ ఛానెళ్లు చేరాయి. హిందీ ఛానెళ్లు చేరేకొద్దీ ప్రేక్షకులు పెరిగారు. తెలుగులో ఈ చక్రం తిరగలేదు. కేబుల్, చందా డిష్ విస్తరించిన తెలుగునేలలో ప్రధాన వినోద ఛానెళ్లకు చందా ఆదాయమే ఆధారం; దానిని వదులుకొని ఉచితవేదికపైకి రావలసిన అగత్యం వాటికి లేదు. హిందీలో సైతం ఈ లెక్క ఎంత చంచలమో చూశాం: ప్రముఖ సంస్థల వినోద ఛానెళ్లు 2019లో ఫ్రీ డిష్‌ను విడిచాయి, 2020లో తిరిగివచ్చాయి, 2022లో మళ్లీ వెళ్లిపోయాయి. వ్యాపారపు లెక్కపై నిలిచిన ఉచితత్వం ఆ లెక్కతోపాటే మారుతుంది.

ఫలితంగా, ఎమ్మిగనూరులో ఫ్రీ డిష్ పెట్టుకొన్న కుటుంబానికి తెలుగులో దక్కేది ప్రధానంగా దూరదర్శన్ ఛానెళ్లే. అప్పుడు సప్తగిరి నాణ్యత, అందులో ప్రాంతాల వాటా సాహిత్య, సామాజిక ప్రశ్నలవుతాయి. ఒకే ఛానెలు ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా మాట్లాడాలి. ఆదోని మార్కెట్టులో నేటి పత్తి ధర, దిగువ కాలువకు నీరు వదిలే తేదీ, గులాబీరంగు పురుగు ఉధృతి వంటివాటికి అందులో చోటు స్వభావతః తక్కువ. ఆకాశవాణికి కర్నూలులో కేంద్రం ఉంది. టెలివిజన్‌కు అట్టి మధ్యస్థాయి లేదు. ఉపగ్రహం దూరాన్ని జయించింది, సామీప్యాన్ని ఇవ్వలేకపోయింది.

8. అన్యదేశానుభవం

ఈ సమస్య మనది మాత్రమే కాదు. చిన్నదేశమైన స్విట్జర్లాండు 2019 జూన్‌లో తన భూతల టెలివిజన్ ప్రసారాన్ని ముగించింది. అక్కడ యాంటెన్నాతో చూసేవారు చాలా కొద్దిమంది. కేబుల్, ఇంటర్నెట్, ఉపగ్రహం ఇంటింటా ఉన్నాయి. అయితే జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, రొమాన్ష్ భాషల్లో ప్రజాప్రసారం జరపవలసిన బాధ్యత స్తంభాలతోపాటు పోలేదు. ప్రజలు చెల్లించే రుసుముతో అది కొనసాగుతోంది. బ్రిటన్‌లో భూతల ప్రసారానికి 2034 వరకు హామీ ఉంది; ఆ తర్వాత ఇంటర్నెట్ లేని వృద్ధులు, పేదలు ఏమవుతారన్న చర్చ ఇప్పటికే సాగుతోంది.

ఈ రెండింటినుంచి గ్రహించవలసినది ఒకటే. వాహకం మారవచ్చు, బాధ్యతను మాత్రం వాహకంనుంచి విడదీసి చట్టంలోనూ బడ్జెట్టులోనూ నిలపాలి. మన ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి, 1997లో అమలైంది. దాని పన్నెండవ సెక్షను తగిన సాంకేతికతతో దేశమంతటా ప్రసారం చేరవేయడాన్నీ, వివిధ ప్రాంతాల భాషలకూ సంస్కృతులకూ తగిన చోటు కల్పించడాన్నీ రెండు వేర్వేరు విధులుగా పేర్కొంది. స్తంభాలనుంచి డిష్‌కు మారడం మొదటి విధికి సమాధానం. రెండవదానికి అది సమాధానం కాదు.

9. రేపటి దారులు

2023 జనవరిలో కేంద్రప్రభుత్వం 2,539.61 కోట్ల రూపాయలతో ఆమోదించిన “బైండ్” పథకంలో ఆకాశవాణి, దూరదర్శన్ ఆధునికీకరణతోపాటు మారుమూల, గిరిజన, సరిహద్దు, ఆకాంక్షిత జిల్లాల ప్రజలకు ఎనిమిది లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులను ఉచితంగా ఇవ్వాలన్న నిర్ణయం ఉంది. సరిహద్దు అంటే అక్కడ దేశసరిహద్దు. రాయలసీమ నుంచి ఆకాంక్షిత జిల్లాగా ఎంపికైనది కడప. ఏటా వలసపోయే పడమటి కర్నూలు ఈ రెండు నిర్వచనాల్లోనూ ఇమడలేదు. 2024 నవంబరులో ప్రసార భారతి “వేవ్స్” అనే ఇంటర్నెట్ వేదికను ప్రారంభించింది. అందులో చాలా భాగానికి చెల్లింపు అక్కరలేకున్నా డేటా కావాలి. ఉచితమైనదానికి దారిఖర్చు మళ్లీ తప్పలేదు. ఇంటర్నెట్ లేకుండానే సెల్‌ఫోనుకు నేరుగా ప్రసారం చేసే “డైరెక్ట్ టు మొబైల్” విధానం పరీక్షల దశలో ఉంది. అది వస్తే దానికి భూమిపై స్తంభాలు మళ్లీ కావాలి. ఖాళీచేసిన తరంగాల చర్చ ఒక చుట్టు తిరిగి మొదటికి వస్తుంది.

ఈ దారుల్లో దేనిని ఎంచుకున్నా, ఆపదసమయం అసలు పరీక్ష. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర మంత్రాలయాన్నీ కర్నూలునూ ముంచింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం పందొమ్మిదవ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువనున్న కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల ప్రజలను అప్రమత్తం చేయవలసివచ్చింది. ఆనకట్ట కర్ణాటకలో ఉంది, ప్రమాదం ఆంధ్రలో ఉంది. వార్త కన్నడంలో పుట్టి తెలుగులో చేరాలి. ఆ నాలుగు మండలాలకు ప్రత్యేకంగా చేరాలి. దేశమంతటికీ ఒకే సంకేతాన్ని పంపే ఉపగ్రహానికీ, ప్రైవేటు ఛానెళ్ల గంటగంటల చర్చలకూ ఈ పని పూర్తిగా సాధ్యం కాదు. వరదవేళ కరెంటు పోతే టెలివిజనూ మూగబోతుంది కాబట్టి రేడియో, సెల్‌ఫోను సందేశాలు, టెలివిజన్ ఒకదానికొకటి అండగా నిలిచే వ్యవస్థ కావాలి. అటువంటి వ్యవస్థకు వెన్నెముకగా నిలవవలసినది లాభనష్టాలతో నిమిత్తం లేని ప్రజాప్రసారమే.

10. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి: పడమటి కర్నూలులో టెలివిజన్ చరిత్ర “లేమి నుంచి సమృద్ధికి” అన్న సరళరేఖలో సాగలేదు. 1975లో వచ్చి 1976లో పోయింది. స్తంభంతో వచ్చి మొదట పరభాషలో మాట్లాడింది. తన భాషలో మాట్లాడేనాటికి చందాలో కలిసిపోయింది. డిష్‌తో మళ్లీ ఉచితమైనా ఊరికి దూరంగానే ఉంది.

రెండు: ఉచిత ప్రసార భవితవ్యం అనిశ్చితంగా ఉండడానికి కారణం సాంకేతికత ఒక్కటే కాదు. తెలుగు ప్రేక్షకుడికి ఫ్రీ డిష్‌లో తగినంత తెలుగు లేకపోవడం, ఉన్న తెలుగులో ప్రాంతాల వాటా తక్కువ కావడం అంతకంటె పెద్ద కారణాలు. సప్తగిరిలో రాయలసీమ పడమటి మండలాలకు నియతమైన సమయం, చందనతో కలిసి సరిహద్దు ప్రాంతాలకు ఉమ్మడి కార్యక్రమాలు, ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వని వంటివి నేటి డిజిటల్ ప్రసారంలో కష్టసాధ్యాలు కావు. చివరిదానిని 1975లోనే చేసి చూశారు.

మూడు: భాషాశాఖల పరిశోధన ఈ రంగంలోకి రావలసిన సమయం ఇదే. యాంటెన్నా సరిచేసిన తరం ఇంకా మన మధ్య ఉంది. సైట్ సెట్టు ముందు పిల్లలుగా కూర్చున్నవారి వయస్సు నేడు దాదాపు అరవై. ఆ ప్రయోగం జరిగిన జిల్లాల్లో వారి జ్ఞాపకాలను సేకరించడం, రిలే కేంద్రాల్లో పనిచేసినవారి మాటలను నమోదుచేయడం, సరిహద్దు ఇళ్లలో నేడు ఏ భాషా ఛానెలు ఏ వేళ వినబడుతున్నదో క్షేత్రపరిశీలన చేయడం పరిశోధకవిద్యార్థులకు అందుబాటులో ఉన్న పనులు. ఫ్రీ డిష్‌లో ఎంత తెలుగు ఉండాలో, అందులో ఎన్ని ప్రాంతాలు పలకాలో నిర్ణయించేవారి ముందు పెట్టడానికి ఆ ఆధారాలే కావాలి. అవి లేకపోతే వేలంపాటలో పలికిన ధర ఒక్కటే ఆ నిర్ణయం చేస్తుంది.